ట్యాంకు మీది ఉద్యోగి

ఏరియా ఆసుపత్రి నుంచి ఫోనొస్తే సౌదామిని ముందు గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఆ తర్వాతే హలో అనేది. వేగులవలస పురపాలక సంఘంలో నీటి సరఫరా చూసే అసిస్టెంట్ ఇంజనీరు ఆమె. అవతల డయాలసిస్ వార్డు నర్సు ఎలీషమ్మ. ఆవిడ ఎప్పుడూ కేకలేసేది కాదు. కేకలేస్తే సౌదామినికి కాస్త సులువుగా ఉండేది, తనూ తిరిగి నాలుగు మాటలు అనగలిగేది.

"మేడమ్, ట్యాంకు అడుగంటీసింది. మనిషి మెషీను మీదున్నాడు" అని మాత్రం చెప్పి ఎలీషమ్మ ఊరుకునేది.

ఆసుపత్రి ట్యాంకు ఊరికి ఈ చివర, దాన్ని నింపే పంపుహౌసు ఏటి ఒడ్డున ఆ చివర. మోటారు వేసే పైడిరాజుకు అక్కణ్నుంచి ట్యాంకు కనపడదు. నిన్న ఎంతసేపు వేశాడో ఇవాళా అంతసేపు వేసి కట్టేసేవాడు. చలికాలంలో ట్యాంకు పొంగి ఆసుపత్రి వెనక సందంతా చిత్తడయ్యేది. ఎండలు ముదిరి, చుట్టుపక్కల జీడితోటల ఊళ్ల నుంచి కిడ్నీ రోగులు పెరిగేసరికి, ఎవరో ఒకరి రక్తం గొట్టాల్లో తిరుగుతుండగానే నీళ్లు అయిపోయేవి. ఆ యంత్రానికి నాలుగు గంటలూ నీళ్లు అందుతూనే ఉండాలి. మధ్యలో ఆగితే రక్తాన్ని గబగబా ఒంట్లోకి ఎక్కించి, రోగిని సగం వైద్యంతో ఇంటికి పంపేయడమే. అలా రెండుసార్లు తిరిగి వెళ్లినవాడు తవిటయ్య అనే జీడితోట కూలీ. రెండోసారి వెళ్లేటప్పుడు అతను ఎవర్నీ ఏమీ అనలేదనీ, చెప్పుల కోసం వెతుక్కుంటూ గోడ పట్టుకుని నిలబడిపోయాడనీ ఎలీషమ్మ చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్లు సౌదామినికి అన్నం సయించలేదు.

ఆలోచిస్తే మందు పెద్దదేం కాదు. ట్యాంకులో నీటిమట్టం చూసే సెన్సరు ఒకటి, అది చెప్పింది లెక్కగట్టే అరచేతిలో పట్టే మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి, ఆ కబురు పంపుహౌసుకు మోసుకెళ్లే దారి ఒకటి ఉంటే చాలు. సౌదామిని సొంత డబ్బుతో మూడు రకాల బోర్డులు తెప్పించి సెలవు రోజుల్లో ట్యాంకెక్కి చూసుకుంది. వైఫై ఉన్న బోర్డు కబురు ఆసుపత్రి ప్రహరీ దాటలేదు. సిమ్ కార్డు బోర్డు బాగానే మాట్లాడింది గాని, కరెంటు పోయి సెల్ టవరు మూగబోగానే అదీ మూగబోయింది. మూడోది రేడియో బోర్డు. చిన్న బ్యాటరీతో, మాటకూ మాటకూ మధ్య తీరిగ్గా ఆగుతూ, కొబ్బరిచెట్ల మీదుగా ఏటి ఒడ్డుదాకా కబురు అందించింది. ఏ బోర్డో తెలిసిపోయింది, ఇక అమర్చడమే మిగిలిందని సౌదామిని సంబరపడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కమిషనర్ విశ్వంభరం రాజధానిలో శిక్షణ పూర్తి చేసుకుని వచ్చారు. వస్తువులన్నిటినీ ఇంటర్నెట్‌కు కలపడం గురించి జరిగిన శిక్షణ అది. వెళ్లేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్లారు. వచ్చాక మాత్రం ఏ వస్తువును చూసినా ఇది ఎందుకు మాట్లాడడం లేదని అడగసాగారు. వీధి దీపాలు, చెత్త బళ్లు, చివరికి తన గదిలో మంచినీళ్ల కుండ కూడా మాట్లాడాలన్నారు. మనుషులు మాట్లాడీ మాట్లాడీ ఈ ఊరు ఇలా తయారైందని, ఇకమీదట వస్తువులకు అవకాశమిద్దామని మొదటి సమావేశంలోనే ప్రకటించారు.

అదను చూసి సౌదామిని తన ట్యాంకు సంగతి చెప్పింది. కమిషనర్ మొహం వికసించింది. పురపాలక సంఘంలో మొట్టమొదట మాట్లాడే వస్తువు ఆసుపత్రి ట్యాంకేనని అక్కడికక్కడే నిర్ణయించారు. అయితే అది పంపుహౌసుతో మాత్రమే గుసగుసలాడుకుంటే కుదరదన్నారు. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చి, తన గదిలోని పెద్ద టీవీ మీద కనిపిస్తూ అందరి ముందూ మాట్లాడాలి. ఏ బోర్డు, ఏ సాఫ్ట్‌వేర్ అన్నది తేల్చడానికి ఒక కమిటీ వేశారు. అందులో ఆయన, మేనేజర్ కూర్మారావు, డిప్యూటీ ఇంజనీరు సభ్యులు. సాంకేతిక సలహా నిమిత్తం సౌదామిని ప్రత్యేక ఆహ్వానితురాలు.

కూర్మారావు చెడ్డవాడు కాదు. ఎవరింట్లో చావైనా పెళ్లైనా ముందుండేవాడు. కాని పాతికేళ్లుగా నిబంధనల మధ్యే బతికినందువల్ల, నిబంధన లేని చోట ఆయనకు కాళ్లాడేవి కావు. కమిటీ మొదటి సమావేశానికి ఆయన పై కార్యాలయం నుంచి వచ్చిన ఒక సర్క్యులర్ పట్టుకొచ్చి, కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"కార్యాలయ నెట్‌వర్క్‌ను వినియోగించు ప్రతి ఒక్కరు విధిగా ఉద్యోగి గుర్తింపు సంఖ్య కలిగియుండవలెను. సదరు సంఖ్య లేనివారిని ఎట్టి పరిస్థితులలోనూ అనుమతించరాదు."

అది మనుషుల కోసం రాసిందని సౌదామిని మెల్లగా చెప్పింది.

"ప్రతి మనిషి అని లేదు మేడమ్, ప్రతి ఒక్కరు అని ఉంది" అన్నాడు కూర్మారావు. "రాసినవారు ఆలోచించే రాసి ఉంటారు."

కమిషనర్ కాసేపు కళ్లు మూసుకుని, ఆ సర్క్యులర్‌లో భవిష్యత్తును దర్శించిన దూరదృష్టి ఉందన్నారు. దాంతో బోర్డు కొనుగోలు వ్యవహారం కాస్తా ఉద్యోగి నియామక వ్యవహారంగా మారింది. డిప్యూటీ ఇంజనీరు వచ్చే ఏడాది రిటైరవుతాడు. ఆయన ఏ సమావేశంలోనూ ఏమీ మాట్లాడకుండా, తనకు ఏకీభావమే అన్నట్టు తలూపుతుండేవాడు. ఇప్పుడూ ఊపాడు.

సౌదామిని బల్ల మీద మూడు బోర్డులూ వరసగా పెట్టి ఒక్కోదాని గుణదోషాలు వివరించింది. ఆ దూరానికి రేడియో బోర్డే తగినదని చెప్పింది. కూర్మారావు అంతా శ్రద్ధగా విని, వీటిలో సీనియర్ ఎవరని అడిగాడు. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఏది ఎప్పుడు తయారైందో చెప్పమన్నాడు. మూడూ కొత్తవేనంది. మరి ఆ సంచిలోంచి తొంగిచూస్తున్నదేమిటని అడిగాడు. అది ఆమె కాలేజీ రోజుల్లో పాఠం నేర్చుకున్న పాత బోర్డు. సెన్సర్లు పరీక్షించుకోవడానికి వెంట ఉంచుకునేది. అంచులు నల్లబడ్డాయి. దానికి వైఫై లేదు, సిమ్ లేదు, రేడియో లేదు.

"అన్నిటికంటే సీనియర్‌ను పక్కన పెట్టి జూనియర్లను తీసుకుంటే రేపు కోర్టులో ఏం సమాధానం చెబుతాం" అన్నాడు కూర్మారావు.

సౌదామిని ఓపిక పట్టి, ఆ పాత బోర్డుకు అసలు నెట్‌వర్క్ అంటేనే తెలియదని చెప్పింది.

"నేర్చుకుంటుంది మేడమ్. మేమందరం కంప్యూటర్ నేర్చుకోలేదా?"

ఆ మాటకు కమిషనర్ కదిలిపోయారు. పాత బోర్డే ఎంపికైంది. అది నేర్చుకునేలోగా పని ఆగకూడదు గనక ఒక రేడియో ముక్కను దానికి డెప్యుటేషన్ మీద జతచేయడానికి కమిటీ అనుమతించింది. మిగతా బోర్డులను సీనియారిటీ లేని కారణంగా తిరస్కరించి, సౌదామినికి వాపసు ఇచ్చారు. సరే, ఏదో ఒక బోర్డు, అతుకులేసైనా పని చేయించవచ్చు గదా అని ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంది.

సాఫ్ట్‌వేర్ వంతు వచ్చింది. ఇలాంటి చిన్న పరికరాల కోసమే పుట్టిన ఒక పద్ధతి ఉందని, ప్రపంచమంతా దాన్నే వాడుతున్నారని సౌదామిని చెప్పింది. పరికరాలన్నీ తమ కబుర్లు మధ్యలో ఉన్న ఒక ప్రోగ్రామ్‌కు చెబుతాయి. ఆ ప్రోగ్రామ్ వాటిని కావలసినవాళ్లకు పంచుతుంది. ఆ మధ్యలో ఉన్నదాన్ని ఏమంటారని కమిషనర్ కుతూహలంగా అడిగారు. ఏం జరగబోతోందో ఊహించలేక, బ్రోకర్ అంటారని చెప్పేసింది.

కూర్మారావు కిటికీ తెర పక్కకు తొలగించి, గేటు మీద ఎర్ర అక్షరాల పలకకేసి వేలు చూపించాడు. ఈ కార్యాలయంలోనికి దళారులకు ప్రవేశం లేదు అని రాసి ఉంది. ఆ పలకను పోయిన ఏడాది తనే స్వయంగా ఆవిష్కరించానని కమిషనర్ విచారంగా గుర్తుచేశారు. ఇది మనిషి కాదని, కమీషన్ తీసుకోదని సౌదామిని అంది. మొదట్లో ఎవరూ తీసుకోరని కూర్మారావు అన్నాడు. మాట మార్చడానికి ఆమె ఆ పద్ధతిలో ఉన్న ఇంకో సౌకర్యం చెప్పింది. పరికరం హఠాత్తుగా ఆగిపోతే, అది ముందే రాసి ఉంచుకున్న ఆఖరి సందేశం అందరికీ అందుతుంది, దానికి వీలునామా అని పేరు. చెప్పాక నాలుక కరుచుకుంది. వీలునామాకు సాక్షులెవరు, నామినీ ఎవరు, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం ఏ తహసీల్దారు ఇస్తాడు అన్న చర్చతో ఆ మధ్యాహ్నం గడిచిపోయింది.

చివరికి కమిటీ తన సొంత పద్ధతి తేల్చింది. ట్యాంకు మీది ఉద్యోగి కింది స్థాయి ఉద్యోగి. పంపుహౌసులో పైడిరాజూ కింది స్థాయి ఉద్యోగే. పై అధికారి ప్రమేయం లేకుండా ఇద్దరు కింది స్థాయి ఉద్యోగులు నేరుగా ఉత్తర ప్రత్యుత్తరాలు జరపకూడదు. కాబట్టి ట్యాంకు తన నీటిమట్టాన్ని వినయపూర్వకంగా అసిస్టెంట్ ఇంజనీరుకు సమర్పించుకుంటుంది. ఆమె దాన్ని డిప్యూటీ ఇంజనీరుకు, ఆయన మేనేజరుకు, ఆయన కమిషనరుకు పంపుతారు. కమిషనర్ ఉత్తర్వు అదే దారిలో కిందికి దిగి పైడిరాజుకు చేరుతుంది. ఇంత దూరం తిరిగితే ట్యాంకు ఎండిపోతుందని సౌదామిని అంది. నెట్‌వర్క్ వేగం ఇప్పుడు చాలా పెరిగిందని కమిషనర్ ఆమెకు ధైర్యం చెప్పారు.

తర్వాతి వారాలు నియామకానికి సంబంధించిన లాంఛనాలతో సరిపోయాయి. బోర్డుకు పాస్‌పోర్టు సైజు ఫోటో తీయించి గెజిటెడ్ అధికారితో సంతకం చేయించారు. పుట్టుమచ్చలు అన్న చోట ఎడమ మూల ఒక మర బిగించే రంధ్రం, కుడి మూల ఒకటి అని రాశారు. హాజరు కోసం మొహం చూసి గుర్తుపట్టే యాప్ ఉంది. దానికి బోర్డు మొహం ఏ వైపో తెలియక తిరస్కరిస్తూ వచ్చింది. ఒకరోజు పొరపాటున పైడిరాజుగా గుర్తించి హాజరు వేసింది కూడా. ఆ సంగతి తెలిసి పైడిరాజు రెండు రోజులు చిన్నబుచ్చుకున్నాడు. చివరికి బోర్డుకు పన్నెండు వోల్టుల కరెంటు మంజూరు చేస్తూ నియామక ఉత్తర్వు వెలువడింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ట్యాంకుకు బంతిపూల దండలు కట్టారు. కమిషనర్ గదిలో టీవీ మీద నీటిమట్టం నీలంగా మెరిసింది. అది తగ్గడం, పెరగడం చూస్తూ ఆయన ఇద్దరు సందర్శకులను చాలాసేపు కూర్చోబెట్టారు. పత్రికలవాళ్లు ఫోటోలు తీసుకున్నారు. రాష్ట్రస్థాయి ఉత్తమ పురపాలక పురస్కారానికి ఈ పథకాన్ని పంపాలని ఆ సాయంత్రమే నిర్ణయం జరిగింది.

పథకం పనిచేయలేదని ఎవరూ అనలేరు. ట్యాంకు చెప్పవలసింది చెబుతూనే ఉంది. సోమవారం పొద్దున సగం ఖాళీ అయ్యానని సమర్పించుకుంది. సౌదామిని వెంటనే పైకి పంపింది. డిప్యూటీ ఇంజనీరు ఆ రోజు సెలవు. మర్నాడు కూర్మారావు చూసి, సగం ఖాళీ అనడమెందుకు, సగం నిండుగా ఉందని రాయవచ్చు గదా, భాష సవరించి తిరిగి సమర్పించవలెనని తిప్పి పంపాడు. బుధవారం కమిషనర్ సంతకమై, సగం నిండుగా ఉన్నందున తదుపరి చర్య అవసరం లేదన్న ఉత్తర్వు పైడిరాజుకు చేరింది. పైడిరాజు ఉత్తర్వు ప్రకారం మోటారు వేయలేదు. ఇదివరకు తన లెక్క ప్రకారం వేసేవాడు. ఇప్పుడు కాగితాల పద్ధతి వచ్చాక సొంతంగా వేస్తే ఉద్యోగం పోతుందని అతని భయం.

ఆ బుధవారం యంత్రం మీద ఉన్నది తవిటయ్య.

ఫోను రాగానే సౌదామిని స్కూటరేసుకుని పంపుహౌసుకు వెళ్లి తనే మోటారు వేయించింది. అక్కణ్నుంచి ఆసుపత్రికి వెళ్లేసరికి తవిటయ్యను వార్డు బయట బెంచీ మీద పడుకోబెట్టారు. కాళ్లు నీరుపట్టి ఉన్నాయి. భార్య అతని ఛాతీ మీద చెయ్యి వేసి, ఊపిరి లోపలికి వెళ్లినప్పుడల్లా చెయ్యి లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చుంది. ఎలీషమ్మ అతన్ని పెద్దాసుపత్రికి పంపడానికి అంబులెన్సు కోసం ఫోను చేస్తోంది. సౌదామినిని చూసి ఫోను చెవి నుంచి తీయకుండానే అంది, "కొత్తగా ఏదో పెట్టారంట గదా మేడమ్ ట్యాంకు మీద. పేపర్లో చూసినాను. అదేటి సెప్పలేదా?"

"చెప్పింది సిస్టర్. సోమవారమే చెప్పింది."

ఎలీషమ్మ ఫోనులోకి తిరిగి తవిటయ్య పేరు, ఊరు చెప్పసాగింది.

తవిటయ్య పెద్దాసుపత్రిలో కొన్నాళ్లుండి బతికి బయటపడ్డాడు. ఆ సంగతి తెలిసేదాకా సౌదామిని ఆగలేదు. అంబులెన్సు గేటు దాటగానే ట్యాంకు మెట్లెక్కింది. లాప్‌టాప్ మోకాళ్ల మీద పెట్టుకుని, ఆఫీసుకు పోయే కబురును పోనిస్తూనే, బోర్డు ప్రోగ్రామ్‌లో మరో నాలుగు వరసలు అదనంగా రాసింది. నీళ్లు ఇంతకంటే తగ్గితే ఏటి ఒడ్డుకు నేరుగా చెప్పు, నిండగానే ఆపమని చెప్పు. అంతే దాని సారాంశం. తర్వాత కమిటీ జూనియర్ అని తిరస్కరించిన రేడియో బోర్డును ఒక ప్లాస్టిక్ టిఫిను డబ్బాలో పెట్టి, పంపుహౌసు గోడకు కంటికి ఆనని మూలలో బిగించి, మోటారు స్టార్టరుకు కలిపింది. పైడిరాజు భోజనానికి వెళ్లి వచ్చేలోగా పని అయిపోయింది.

ఆ తర్వాత ఆసుపత్రిలో నీళ్లాగడం అన్నది లేదు. ఎండాకాలం నడినెత్తికొచ్చినా ట్యాంకు కావలసినప్పుడు నిండుతోంది, చాలగానే ఆగుతోంది. సమర్పణలు, సవరణలు, ఉత్తర్వులు యథావిధిగా పైకీ కిందికీ తిరుగుతున్నాయి. వాటికీ నీళ్లకూ సంబంధం లేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. పథకం దివ్యంగా నడుస్తోందని కమిషనర్ అనుకున్నారు. సౌదామిని అవుననేది. అబద్ధమేమీ కాదు.

పైడిరాజు మాత్రం నిద్రాహారాలు మానాడు. తను ముట్టుకోకుండా మోటారు తిరుగుతోంది, కట్టకుండానే ఆగుతోంది. మొదట నిమ్మకాయలు కట్టాడు. లాభం లేకపోయేసరికి నిజాయితీ గల మనిషి గనక, నేరుగా మేనేజర్ దగ్గరకే వెళ్లాడు.

"అయ్యగారూ, నాను సెయ్యి ఎయ్యలేదండి. ఆ మోటారు దానంతటదే తిరిగిపోతంది. మీ ఉత్తర్వు వొద్దని ఉన్న రోజు కూడా తిరిగింది. నా మీదకేటీ రాకుండా మీరే సూడాల" అన్నాడు.

విచారణలో సంగతి అంచెలంచెలుగా బయటపడింది. ట్యాంకు మీది ఉద్యోగి ఉత్తర్వులు లేకుండా, పై అధికారులను దాటవేసి, సెలవు దినాల్లో సైతం, నేరుగా మోటారును ఆదేశిస్తోంది. కమిషనర్ గదిలో అత్యవసర సమావేశం జరిగింది. సౌదామిని దాచదలచుకోలేదు. ఆ బోర్డు సొంతంగా ఏదీ చేయలేదని, ఆ వరసలు రాసింది తనేనని, శిక్ష ఏదైనా తనకే వేయమని లేచి నిలబడి చెప్పింది. చెప్పేటప్పుడు తవిటయ్య సంగతీ చెప్పింది.

కమిషనర్ ఆమె వంక కాకుండా బల్ల మీది పురస్కారం దరఖాస్తు వంక చూశారు. అందులో ఈ పథకం రూపకర్తగా ఆయన పేరు, సాంకేతిక సారథిగా ఆమె పేరు ఉన్నాయి. సారథి తప్పు చేసిందంటే రథం మాటేమిటి? ఆయన కూర్మారావు వంక చూశారు.

"మేడమ్ భావోద్వేగంలో ఉన్నారు" అన్నాడు కూర్మారావు, నిజంగానే జాలిగా. "రికార్డు ప్రకారం ఆదేశం వెళ్లింది సదరు ఉద్యోగి గుర్తింపు సంఖ్య మీద. ఎవరి సంఖ్య మీద జరిగితే బాధ్యత వారిదే. రేపు నా దగ్గర క్లర్కు తప్పు చేసి, చదువు చెప్పిన మాస్టారు వచ్చి నేనే నేర్పానంటే మాస్టారును సస్పెండ్ చేస్తామా?"

మరి పంపుహౌసు గోడకున్న డబ్బా సంగతేమిటని డిప్యూటీ ఇంజనీరు అడిగాడు. ఆయన కమిటీలో నోరు విప్పడం అదే మొదటిసారి. కూర్మారావు దానికి గుర్తింపు సంఖ్య ఉందా అని అడిగాడు. లేదని సౌదామిని చెప్పింది. సంఖ్య లేనిది రికార్డు ప్రకారం లేనట్టేనని, లేనిదాని మీద చర్య తీసుకోవడం సాధ్యం కాదని ఆయన తేల్చాడు. డిప్యూటీ ఇంజనీరు మళ్లీ తలూపాడు.

క్రమశిక్షణా రాహిత్యం, ఉన్నతాధికారుల ధిక్కారం అనే అభియోగాల మీద ట్యాంకు బోర్డును సస్పెండ్ చేస్తూ సాయంకాలానికి ఉత్తర్వు సిద్ధమైంది. దాన్ని అందజేసి సంతకం తీసుకునే బాధ్యత సౌదామినికి పడింది. ఆమె నీరసంగా, అయితే ఇక దాన్ని కట్టేసి ట్యాంకు మీంచి దింపేయనా అని అడిగింది.

కూర్మారావు ఆశ్చర్యపోయాడు. "సస్పెన్షన్ వేరు, తొలగింపు వేరు మేడమ్. సస్పెన్షన్ కాలంలో జీవనభృతి ఇవ్వాలి. మనది మానవత్వం లేని ప్రభుత్వం కాదు" అంటూ ఉత్తర్వు చదివి వినిపించాడు. సదరు ఉద్యోగి ఇంతకుమునుపు పొందుచున్న పన్నెండు వోల్టులలో సగము జీవనభృతిగా పొందును. విచారణ ముగియువరకు ముందస్తు అనుమతి లేనిదే హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదు. హెడ్‌క్వార్టర్స్ ఏదంటే, ఆసుపత్రి ట్యాంకు. సస్పెన్షన్ కాలములో సదరు ఉద్యోగి నుండి ఎట్టి నివేదికలు స్వీకరించరాదు, ఎట్టి ఉత్తర్వులు పంపరాదు.

సౌదామిని ఉత్తర్వును తన చేతిలోకి తీసుకుని తనే మళ్లీ చదువుకుంది. పన్నెండులో సగం ఆరు. ఆ పాత బోర్డుకు కావలసింది అయిదే. ట్యాంకు మీంచి దాన్ని ఎవరూ కదపడానికి వీల్లేదు. ఆఫీసు దాని జోలికి పోవడానికి వీల్లేదు. అది ఆఫీసుకు ఏదీ సమర్పించుకోనక్కర్లేదు. ఏటి ఒడ్డున దాని మాట వినే డబ్బా రికార్డు ప్రకారం లేనే లేదు. ఆమె మొహంలో మార్పు చూసి, బాధపడుతోందనుకుని కూర్మారావు మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు.

విచారణాధికారిగా ఎవరిని వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ బోర్డు భాష తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు గనక సౌదామినినే వేశారు. ఆమె అభియోగ పత్రాన్ని బోర్డు పక్కనే ట్యాంకు గోడకు అంటించి వివరణ కోరింది. వివరణ రాలేదు. గడువు పొడిగించింది. అప్పుడూ రాలేదు.

వానలు పడ్డాయి, మళ్లీ ఎండలు వచ్చాయి. మోటారు తిరగడానికి బాధ్యత సంఖ్య ఉన్నవాళ్లదేనని తేలాక పైడిరాజూ కంటినిండా నిద్రపోతున్నాడు. తవిటయ్య తన వంతు రోజున వచ్చి, నాలుగు గంటలూ పూర్తయ్యాక, పక్క మంచం మనిషితో జీడిపిక్కల ధర గురించి వాదిస్తూ వెళుతున్నాడు. పథకానికి రాష్ట్ర పురస్కారం వచ్చింది. ఆ సంతోషంలో కమిషనర్‌కు దయ కలిగింది. ఇన్నాళ్లుగా శిక్ష అనుభవిస్తున్న ఆ కింది స్థాయి ఉద్యోగిని క్షమించి, పూర్తి విధులతో, పూర్తి వోల్టులతో తిరిగి తీసుకుందామని సమీక్షా సమావేశంలో ప్రతిపాదించారు. కూర్మారావు కళ్లు చెమర్చాయి. డిప్యూటీ ఇంజనీరు పోయిన నెలే రిటైరయ్యాడు గాని, ఉంటే తప్పకుండా తలూపేవాడు.

సౌదామిని గబగబా లెక్క వేసుకుంది. పూర్తి విధులంటే మళ్లీ సమర్పణలు, మళ్లీ సవరణలు. ప్రోగ్రామ్‌ను పాత పద్ధతికి మార్చడం, పైడిరాజు మళ్లీ ఉత్తర్వు కోసం ఎదురుచూడటం. ఆమె లేచి నిలబడి గొంతు సవరించుకుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఎన్నడూ నోట రాని భాష ఆ వేళ వరదలా వచ్చింది.

"సదరు ఉద్యోగిపై మోపబడిన అభియోగములు మిక్కిలి తీవ్రమైనవి సార్. పలుమార్లు అవకాశమిచ్చినను నేటివరకు వివరణ సమర్పించలేదు. లేశమాత్రము పశ్చాత్తాపము ప్రదర్శించలేదు. ఈ దశలో కనికరము చూపినచో మిగతా వస్తువులకు తప్పుడు సంకేతము వెళ్లును. కావున సస్పెన్షన్ నిరవధికముగా కొనసాగించవలెనని విచారణాధికారిగా నా అభిప్రాయము."

ఇంత కఠినమైన అధికారిని తను ఇన్నాళ్లూ గుర్తించలేదని కమిషనర్ లోగొంతుకతో అన్నారు. నిరవధికంగా కొనసాగించవలెనని సంతకం చేశారు. చేసి, ఆమె నిజాయితీకి మెచ్చుకోలుగా ఏదైనా కోరుకోమన్నారు.

ఊళ్లో ఇంకా మూడు ట్యాంకులున్నాయని సౌదామిని చెప్పింది. వాటికీ ఒక్కో బోర్డు కావాలంది.

తప్పకుండా అంటూ కమిషనర్ మంజూరు కాగితం మీద సంతకం చేశారు. ఈసారి మాత్రం ముందునుంచే క్రమశిక్షణ నేర్పమన్నారు. తనే దగ్గరుండి నేర్పుతానని ఆమె మాట ఇచ్చింది. మంజూరు కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఆ మూడింటినీ ఎంత త్వరగా సస్పెండ్ చేయించవచ్చో ఆలోచించుకుంటూ మెట్లు దిగింది.